మేలు నాది, కీడు మందుదా?

ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర వల్లే నేను ఈ రోజు బతికి ఉన్నాను. ఈ మాట రాయడం తేలికే. దీని పక్కనే రాయాల్సిన రెండో మాట దగ్గర ప్రతిసారీ నా చెయ్యి ఆగుతుంది. నా ఎముకల సత్తువ తగ్గింది, ఎడమ కంట్లో వయసుకు ముందే శుక్లం మొదలైంది, అదీ ఈ మాత్ర వల్లే. మనసు బాగున్న రోజు మొదటి మాటే చెబుతాను. బాగోలేని రోజు రెండోదే చెబుతాను. రెండూ కలిపి ఒక్క గుక్కలో చెప్పడం నాకెందుకింత కష్టమవుతోందో చూసుకోవాలని కూర్చున్నాను.

నాది లూపస్ జబ్బు. క్రిముల మీదికి వెళ్లాల్సిన రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే తిరగబడుతుంది. ఎక్కువగా ఆడవాళ్లకు, అందులోనూ పిల్లల్ని కనే వయసులో వస్తుంది. నాకు ముందు వేళ్ల కీళ్లు పట్టేశాయి. ఎండలోకి వెళితే బుగ్గలు ఎర్రగా కందిపోయేవి. తర్వాత కాళ్ల వాపులు, మూత్రంలో నురగ. బళ్లో నిలబడి లెక్కలు చెప్పలేక కుర్చీ తెప్పించుకున్నాను. సుద్దముక్క పట్టుకుందామంటే వేళ్లు వంగేవి కావు. గుంటూరులో పరీక్షలన్నీ చేయించి, హైదరాబాదులో రుమటాలజిస్టుకు చూపించి, కిడ్నీ బయాప్సీ అయ్యాక గానీ జబ్బు పేరు తేలలేదు. కిడ్నీల దాకా పాకింది కాబట్టి ఆలస్యం చేయడానికి లేదన్నారు. రోజుకు 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్, దాంతోపాటు మైకోఫినోలేట్, హైడ్రాక్సీక్లోరోక్విన్ రాశారు. ప్రెడ్నిసొలోన్‌కు మెడికల్ షాపులో వైసోలోన్ అనే బ్రాండు స్ట్రిప్పులు ఇచ్చారు. మిగతా మందుల ధర ముందు దాని ధర లెక్కలోకే రాదు.

మాత్ర మొదలుపెట్టిన మర్నాడు పొద్దున్నే లేచి, అలవాటుగా అమ్మను పిలవబోయి ఆగాను. అప్పటికి కొన్నాళ్లుగా నాకు జడ వేసేది అమ్మే. చేతులు పైకెత్తి చూసుకున్నాను, లేచాయి. మూడు పాయలు తీసి అల్లడం మొదలుపెట్టాను. వేళ్లు ఒకదాని వెంట ఒకటి వంగాయి. చివర రబ్బరు బ్యాండు రెండు మెలికలు తిప్పి బిగించాను. వంటింట్లోకి వెళ్లి, బిగుసుకుపోయి ఉండే కందిపప్పు డబ్బా మూత తీశాను. మళ్లీ పెట్టాను, మళ్లీ తీశాను. అలాంటి ఉదయాన్ని చూసినవాళ్లకు స్టెరాయిడ్ల గురించి ఎవరెన్ని భయాలు చెప్పినా పూర్తిగా చెవికెక్కవు. నాకూ ఎక్కలేదు.

ఇలాంటి ఉదయం నాకంటే చాలా ముందు మరొకరికి వచ్చిందని తర్వాత చదివాను. అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు 1929 నుంచి ఒక వింత గమనిస్తూ వచ్చాడు. కీళ్లవాతం ఉన్నవాళ్లకు కామెర్లు వచ్చినా, గర్భం నిలిచినా నొప్పులు కొంతకాలం తగ్గుతున్నాయి. అంటే తగ్గించేదేదో ఒంట్లోనే ఉందన్నమాట. అక్కడే పనిచేసే ఎడ్వర్డ్ కెండాల్ అడ్రినల్ గ్రంథుల నుంచి వేరుచేసిన ఒక పదార్థాన్ని 1948 సెప్టెంబరులో కీళ్లవాతంతో కదల్లేని స్థితిలో ఉన్న 29 ఏళ్ల యువతికి ఇంజెక్షనుగా ఇచ్చారు. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. దానికే కార్టిజోన్ అని పేరు పెట్టారు. 1950లో వాళ్లిద్దరికీ, స్విట్జర్లాండ్‌లో ఇదే పని మీద ఉన్న రైక్‌స్టైన్‌కీ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. అంతలోనే రెండో సంగతీ బయటపడుతూ వచ్చింది. మొహాలు ఉబ్బాయి, షుగరు పెరిగింది, కొందరికి మతి చలించింది, మందు ఆపగానే నొప్పులు తిరగబెట్టాయి. 1955 నాటికి ప్రెడ్నిసోన్, ప్రెడ్నిసొలోన్ మాత్రలు వచ్చాయి. వీటితో ఒంట్లో ఉప్పూ నీరూ నిలవడం కొంత తగ్గింది. మిగతా బాధలు మాత్రం తప్పలేదు.

ఇదంతా చదివేటప్పుడు నా చూపు ఎక్కడ నిలిచిందో గమనించుకున్నాను. లేచి నడిచిన ఆ యువతి దగ్గర నిలిచింది. ఆమె గురించి రెండుసార్లు చదివాను. మొహాలు ఉబ్బినవాళ్ల సంగతి పైపైన చూసి పేజీ తిప్పేశాను.

ఎక్కువ మోతాదు వాడిన ఆ నెలల్లో నాకు నిద్ర ఉండేది కాదు. ఒకనాడు తెల్లవారుజామున మూడింటికి లేచి, అటక మీది ఇత్తడి సామానంతా దించాను. బిందెలు, గంగాళం, పుట్టింటివాళ్లు సారెలో పెట్టిన మరచెంబులు. చింతపండు నానబెట్టి ఒక్కొక్కటే తోమి, పెరట్లో వరసగా బోర్లించాను. తెల్లారేసరికి వేళ్ల సందుల్లో చింతపండు పులుపు మంట పుడుతోంది, అలుపు మాత్రం లేదు. ఆ పూటే బడికి వెళ్లి పదో తరగతివాళ్లకు అదనంగా క్లాసు తీసుకున్నాను. ‘జబ్బుపడి లేచిన మనిషిలా లేవు టీచరూ’ అన్నారు తోటివాళ్లు. నేనూ నమ్మాను. ఇదంతా నా పట్టుదల, నా గుండెనిబ్బరం అనుకున్నాను.

ఆ రోజుల్లోనే మా అబ్బాయి పాల గ్లాసు ఒలకబోస్తే వీధి చివరికి వినపడేలా అరిచాను. వాడు బిక్కచచ్చిపోయాడు. మా ఆయన ఊరుకోమంటే ఏడుపు, ఊరుకుంటే కోపం. డాక్టరుగారిని అడిగితే, ‘ఈ మోతాదులో అలా ఉంటుందమ్మా, తగ్గించే కొద్దీ సర్దుకుంటుంది’ అన్నారు. ప్రాణం లేచొచ్చింది. ‘విన్నారుగా, అరిచింది నేను కాదు, ఆ మాత్ర’ అని ఇంటికొచ్చి అందరికీ చెప్పాను.

మోతాదు తగ్గి, మనసు నెమ్మదించాక ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. ఇత్తడి తోమిన హుషారు నాది. పిల్లాడి మీద అరిచిన కోపం మాత్రది. మాత్ర ఒకటే, మోతాదు ఒకటే, నెల కూడా ఒకటే. స్టెరాయిడ్లు నిద్ర చెడగొట్టి, లేనిపోని ఉత్సాహం తెస్తాయని, అవే చిరాకూ కుంగుబాటూ కూడా తెస్తాయని వైద్యులు మొదటి నుంచీ చెబుతున్న మాటే. ఆ ఉత్సాహాన్ని నా ఖాతాలో జమ వేసుకుని, చిరాకును మందు ఖాతాలో ఖర్చు రాసింది నేనే. లెక్కలు చెప్పే దాన్ని. ఇలాంటి పద్దు పిల్లలు రాస్తే కొట్టేసి మళ్లీ రాయమంటాను.

ఇంకొంచెం లోతుకు వెళితే ఇంకో సంగతి కనబడింది. కోపం తెచ్చింది మాత్రే కావచ్చు. ఆ కోపంలో నా నోట వచ్చిన మాటలు మాత్ర నేర్పినవి కావు. ఇంటెడు చాకిరీ నా ఒక్కదాని నెత్తిన పడిందని, ఒంట్లో బాగోలేదని ఏళ్ల తరబడి చెప్పినా ఎవరూ వినిపించుకోలేదని లోపల్లోపల దాచుకున్నవన్నీ ఆ వేడికి పైకి పొంగాయి. వాటి మీద మాత్ర పేరు రాసేస్తే ఇంట్లో ఎవరూ వాటికి జవాబు చెప్పక్కర్లేదు, నేనూ తేల్చుకోనక్కర్లేదు. అబ్బాయిని దగ్గరికి తీసుకుని క్షమించమన్నాను. ఆ రోజు మాత్ర మాట ఎత్తలేదు. మా ఆయనతో ఆ పాత మాటలు ఈసారి కోపం లేకుండా మాట్లాడాను.

మేలునీ కీడునీ ఇలా విడగొట్టడం ఈ మందు విషయంలో అసలు కుదిరే పని కాదని దాని పని తీరు తెలుసుకున్నాకే నాకు అర్థమైంది. కిడ్నీల మీద టోపీల్లా కూర్చుని ఉండే అడ్రినల్ గ్రంథులు రోజూ కార్టిసాల్ అనే హార్మోనును తయారుచేస్తాయి. తెల్లవారుజామున ఎక్కువగా, రాత్రికి తక్కువగా. ప్రెడ్నిసొలోన్ దాని చుట్టమే. జిమ్ కుర్రాళ్లు కండల కోసం వాడే స్టెరాయిడ్ల జాతి వేరు. కార్టిసాల్‌ను అందుకునే ఏర్పాటు ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఉంటుంది. అందుకే వేళ్ల కీళ్లలో మాత్రం పనిచెయ్, కంటి జోలికి పోకు అని మాత్రకు చెప్పలేం. నా కిడ్నీని పీడించే రోగనిరోధక శక్తిని అది అణిచేస్తుంది. క్షయ క్రిమి మేలుకుంటే అడ్డుకోవాల్సిందీ ఆ శక్తే కదా. ఆపద వేళ ఒంటికి బలం అందాలని రక్తంలో చక్కెర పెంచుతుంది. చక్కెర అలా పెరుగుతూ పోతే అదే మధుమేహం. నాకు మేలు చేసిన చెయ్యీ కీడు చేసిన చెయ్యీ ఒకటే. ఆస్తమావాళ్లకు రోజువారీ వాడకానికి మాత్రల బదులు ఇన్‌హేలర్ ఇవ్వడంలో కిటుకూ అదే. కొద్దిపాటి మందు నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది, మిగతా ఒంటికి తగిలేది తక్కువ.

మోతాదు తగ్గక ముందే మా చిన్నత్త కూతురి పెళ్లి వచ్చింది. అప్పటికి నా మొహం గుండ్రంగా నిండింది. బుగ్గలు పొంగి కళ్లు చిన్నవయ్యాయి. మెడ వెనక కొవ్వు చేరి జాకెట్లన్నీ బిగుతయ్యాయి. అర్ధరాత్రి ఆకలి వేసి పెరుగన్నంలో ఆవకాయ కలుపుకుని తినేదాన్ని. ఆ ఉప్పుకు తెల్లారేసరికి మొహం ఇంకా ఉబ్బేది. పెళ్లికి వెళ్లకుండా ఉండడానికి వంకలు వెతుక్కున్నాను. తీరా వెళితే, ‘వదినా, మొహం కళకళలాడుతోంది, జబ్బు పూర్తిగా పోయినట్టుందే’ అన్నారు. నేను సిగ్గుపడ్డ మొహాన్నే వాళ్లు ఆరోగ్యం అనుకున్నారు. ఇంటికొచ్చి అద్దం ముందు చాలాసేపు కూర్చున్నాను. ఆ నెలల్లో నా దిగులంతా ఈ మొహం మీదే. మోతాదు తగ్గితే మొహం మామూలవుతుందని డాక్టరుగారు చెప్పారు, అలాగే అయింది కూడా. అద్దంలో కనబడనివే నాతో ఉండిపోయాయి.

మందు మొదలుపెట్టిన తొలి మూడు నుంచి ఆరు నెలల్లోనే ఎముకల నష్టం వేగంగా జరుగుతుందట. ఆ నెలల్లో నాకు ఎముకలు నొప్పి పుట్టలేదు. కంట్లో శుక్లం కమ్ముతున్నా నొప్పి తెలియదు. కంటి ఒత్తిడి పెరిగినా అంతే. పొద్దున మాత్ర వేసుకుంటే షుగరు మధ్యాహ్నం తర్వాత పెరుగుతుంది కాబట్టి పరగడుపున చేయించిన పరీక్షలో చాలాసార్లు దొరకదు. ఒంట్లో ఎక్కడైనా చీము పడుతున్నా జ్వరాన్నీ నొప్పినీ మందు కప్పేస్తుంది. నా ఒళ్లు నాకు తెలియదా అనే ధీమా నాకు మొదటి నుంచీ ఎక్కువ. ఈ మందు వాడేవాళ్లకు ఆ ధీమా పనికిరాదు. తగ్గిన నొప్పిని ఒళ్లు ఒక్క పూటలో చెప్పేస్తుంది, జరుగుతున్న నష్టాన్ని ఏళ్లు గడిచినా చెప్పదు. ఒకసారి డాక్టరుగారి దగ్గరికి వెళ్లగానే ‘చాలా బాగున్నాను సార్’ అన్నాను. ఆయన నవ్వి, ‘మీరు బాగున్నారని మీరు చెప్పారు. ఇక రిపోర్టులు ఏమంటాయో చూద్దామమ్మా’ అన్నారు. ఆ పూట డెక్సా స్కాన్‌లో ఎముకల సాంద్రత తగ్గిందని తేలింది. కాల్షియం, విటమిన్ డి మొదటి నుంచీ వేసుకుంటూనే ఉన్నా తగ్గింది. వాటికి తోడు ఎముకల మందు మొదలుపెట్టారు.

మా పెదనాన్నది ఇలాంటి కథే, ఇంకా కష్టమైనది. మోకాళ్ల నొప్పులకు పక్క ఊళ్లో ఒకాయన ఇచ్చే పొట్లాలు ఏళ్ల తరబడి వాడాడు. మూలికల మందు అన్నారు, పొట్లం మీద పేరు గానీ ఊరు గానీ ఉండేవి కావు. వేసుకున్న గంటల్లో నొప్పి మాయం. ఆకలి పుట్టిందని, హుషారు వచ్చిందని, పొలం గట్ల మీద కుర్రాడిలా తిరుగుతున్నానని ఆ వైద్యుడికి దండం పెట్టేవాడు. తర్వాత షుగరు వచ్చింది, చిన్న దెబ్బకే చర్మం కమిలిపోయేది, ఆఖరికి తుంటి ఎముకకు రక్తం అందక కీలు అరిగిపోయింది. ఆపరేషను చేసిన డాక్టరు ఆయన మొహం, చర్మం చూసి, పొట్లాల సంగతి విని, ఇవి స్టెరాయిడ్ లక్షణాలన్నాడు. పల్లెల్లో ఈ వ్యాపారం కొత్తది కాదు. పెదనాన్న మీద జాలిపడుతూనే నన్ను నేను అడిగాను. ఆయన హుషారుకీ నా ఇత్తడి హుషారుకీ తేడా ఏమిటి? మందులో తేడా లేదు. నేను వేసుకునేది ఏమిటో, ఎంతో, ఎందుకో రాసిన చీటీ నా చేతిలో ఉంది. లెక్క చూసే మనిషి ఉన్నాడు. ఆయనకు ఆ రెండూ లేవు. నా తెలివి ఆయన తెలివి కంటే గొప్పదనే మాట మాత్రం నిజం కాదు.

మా అత్తయ్యది ఇంకో వైపు. ‘ఆ స్టెరాయిడ్లు ఒళ్లు గుల్ల చేస్తాయమ్మా, మానేసి పసరు మందు వాడు’ అని పోరేది. ఆమె భయంలో నిజం లేదనలేను. అయితే మానేయడం అంటే ఏమిటో ఓపీలో నా పక్కన కూర్చునే ఒక అమ్మాయి వల్ల తెలిసింది. ఎవరో చెప్పారని నెలల తరబడి వాడుతున్న మాత్రలు ఒక్కసారిగా ఆపేసింది. నాలుగు రోజులు తిరక్కుండా వాంతులు, నీరసం, బీపీ పడిపోయి అత్యవసర వార్డులో చేరింది. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. బయటి నుంచి రోజూ సరఫరా వస్తుంటే అడ్రినల్ గ్రంథులు తమ పని ఆపేస్తాయి. మూడు వారాలకు మించి వాడితే ఇలా జరగొచ్చు. తిరిగి మేలుకోవడానికి వాటికి నెలలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. ఆ లోపల బయటి సరఫరా ఆగితే ఒంటికి కార్టిసాల్ అందదు, అది ప్రాణం మీదికి వస్తుంది. అందుకే మెట్టు మెట్టుగా దించుతారు. జ్వరం వచ్చినా, ఆపరేషను పడినా మోతాదు పెంచాల్సి రావచ్చు. వాంతులై మాత్ర నిలవకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నేను స్టెరాయిడ్ వాడుతున్నానని రాసిన కాగితం మడిచి పర్సులో పెట్టుకున్నాను.

అత్తయ్యకు జవాబు చెప్పబోయి నేనే కొన్ని నేర్చుకున్నాను. 1950ల్లో లూపస్ అని తేలినవాళ్లలో దాదాపు సగం మంది ఐదేళ్లు తిరక్కుండానే పోయేవాళ్లు. ఇప్పుడు పదిమందిలో తొమ్మిది మందికి పైగా ఆ ఐదేళ్లు దాటుతున్నారు. ఒక్క స్టెరాయిడ్ వల్లే కాదు, మిగతా మందులు, డయాలసిస్, బీపీ మందులు అన్నీ కలిసి సాధించాయి. ఆ వరసలో తొలి మెట్టు మాత్రం ఇదే. నెఫ్రోటిక్ సిండ్రోమ్‌తో ఒళ్లంతా నీరు పట్టిన పిల్లల్లో ఎక్కువమందికి ఈ మాత్రలతో నాలుగు వారాల్లోపే మూత్రంలో ప్రొటీన్ పోవడం ఆగుతుంది. మొహం ఒక పక్కకు వంకర తిరిగే బెల్స్ పాల్సీకి 72 గంటల్లోపు మొదలుపెడితే కోలుకునే అవకాశం పెరుగుతుంది. కుష్ఠు రోగుల్లో రియాక్షన్ వచ్చి నరాలు దెబ్బతినబోయేటప్పుడు చేతులూ కాళ్లూ చచ్చుబడకుండా కాపాడే మందు ఇదే. పెద్ద వయసువాళ్లకు కణత దగ్గరి రక్తనాళం వాస్తే చూపు పోకుండా ఆపేదీ ఇదే. కొన్నిటికి వారం రోజులు చాలు. కొన్నిటికి నెలలు. నాలాంటివాళ్లకు ఏళ్లు. వారం వాడినవాళ్ల లెక్కా ఏళ్లు వాడినవాళ్ల లెక్కా ఒకటి కాదు. ఆ తేడా చూడకుండా మంచిదా చెడ్డదా అని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేరు.

కరోనా కాలంలో ఈ తేడా కళ్ల ముందుకొచ్చింది. బ్రిటన్‌లో జరిగిన ‘రికవరీ’ అనే పరిశోధన ఫలితాలు 2020 జూన్‌లో వచ్చాయి. రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ అనే ఇంకో స్టెరాయిడ్, పది రోజుల వరకు. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ పెట్టినవాళ్లలో ఐదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం పడనివాళ్లకు మాత్రం మేలు కనబడలేదు. మన దగ్గరికి వచ్చేసరికి మొదటి ముక్క అందరి ఫోన్లలో తిరిగింది, చివరి ముక్క జారిపోయింది. 2021 రెండో వేవ్‌లో జలుబూ జ్వరం ఉన్నవాళ్లు కూడా వాట్సాప్‌లో వచ్చిన చీటీ చూసి తొలి రోజు నుంచే స్టెరాయిడ్లు మింగారు. అదుపులో లేని షుగరూ స్టెరాయిడ్లూ తోడై బ్లాక్ ఫంగస్ విజృంభించింది. ఆ ఏడాది మే నెలలోనే తెలంగాణ ప్రభుత్వం దాన్ని తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుగా ప్రకటించింది. కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ఆ రోగులతో నిండిపోయింది. కళ్లూ దవడలూ పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. ఈ మందు ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ల ప్రాణాలు నిలిపింది. అవసరం లేని చోట, షుగరు చూడకుండా వాడిన చోట కళ్లు పోవడానికి దారి తీసింది.

ఆ రోజుల్లో మా తమ్ముడు ఫోన్ చేశాడు. ‘అక్కా, నాకూ పాజిటివ్ వచ్చింది. నీ దగ్గర ఆ మాత్రలు ఉంటాయి కదా, ఒక స్ట్రిప్పు పంపు’ అన్నాడు. ఆక్సిజన్ 97 చూపిస్తోంది, జ్వరం తప్ప ఇంకేం లేదు. షుగరు ఉందో లేదో ఎప్పుడూ చూపించుకోలేదు. పంపనన్నాను. ‘నువ్వు రోజూ వేసుకుంటావు, నాకు మాత్రం వద్దంటావా’ అని నొచ్చుకున్నాడు. డాక్టరుకు ఫోన్ చేయించి, ఆక్సిజన్ తగ్గితే ఎక్కడికి వెళ్లాలో చూసి పెట్టాను. ఫోన్ పెట్టేశాక నా మనసు చూసుకున్నాను. నిజం చెప్పాలంటే ఇచ్చేద్దామనిపించింది. వాడి శాస్త్రజ్ఞానానికి లొంగి కాదు. ఆ మాత్ర ఇచ్చే తొలి ఉదయం ఎంత బాగుంటుందో నాకు తెలుసు. బాధలో ఉన్న తమ్ముడికి అది ఇవ్వగలిగి ఇవ్వకపోవడం ఎంతో కష్టమనిపించింది. వాడి స్థానంలో ఉంటే నేనూ అడిగేదాన్నే. ఈ మందును దుర్వినియోగం చేసేవాళ్లందరూ అజ్ఞానులని ఆ తర్వాత నేనెప్పుడూ అనలేదు.

మోతాదు తగ్గించే రోజుల్లో నాకు నా గురించి ఇంకో సంగతి తెలిసింది. వంటింటి గోడకున్న వేంకట్రామా క్యాలెండర్‌లో తిథి కింద పెన్సిలుతో మిల్లీగ్రాములు రాసుకునేదాన్ని. బ్లేడుతో మాత్రను సగం చేసి, రాలిన పొడి కూడా వేలితో అద్దుకునేదాన్ని. ఎప్పుడు మానేస్తానా అని ఏళ్లుగా ఎదురుచూసిన మనిషిని, తీరా తగ్గిస్తామంటే రాత్రంతా నిద్రపోలేదు. పది కిందికి దిగేటప్పుడు ఒళ్లు నొప్పులు, నిస్సత్తువ. జబ్బు తిరగబెట్టిందా, ఒంటికి అలవాటు తప్పుతున్న బాధా? ఎంత ఆలోచించినా నాకు నేనుగా తేల్చుకోలేకపోయాను. మూత్రంలో ప్రొటీన్, రక్తపరీక్ష, పొద్దున ఎనిమిదింటికి తీసిన కార్టిసాల్ పరీక్ష చూసి డాక్టరుగారే తేల్చారు. మాత్ర మీద ద్వేషం, మాత్ర పోతుందన్న భయం రెండూ నాలోనే పక్కపక్కన కాపురం చేస్తున్నాయి. ఇన్నాళ్లూ నేను ద్వేషాన్నే అందరికీ చెప్పుకున్నాను, అదే గౌరవంగా ఉంటుంది కనుక. మాత్ర లేకుండా బతకగలనా అన్న భయాన్ని మొదటిసారి బయటపెట్టింది డాక్టరుగారి గదిలో. ఆయన ఆశ్చర్యపోలేదు. ఇంకొంచెం నెమ్మదిగా దించుదామన్నారు.

ఇప్పుడు రోజుకు 5 మిల్లీగ్రాములు, పొద్దున టిఫిను తిన్నాక. ఒంట్లో మామూలుగా తయారయ్యే కార్టిసాల్‌కు ఇంచుమించు అది సరిపోతుంది. లూపస్‌లో నిలకడ వచ్చాక 5 దాటకుండా చూడాలని, వీలైతే పూర్తిగా మాన్పించాలని యూరప్ రుమటాలజిస్టుల సంఘం 2023లో సూచించింది. అందుకే ప్రతి విజిట్‌కూ ఒకే ప్రశ్న పట్టుకెళతాను. ‘సార్, ఈ మోతాదు ఇంకా అవసరమేనా?’ అవసరమంటే ఎందుకో అడిగి తెలుసుకుంటాను. తగ్గిద్దామంటే భయంగా ఉందని దాచకుండా చెబుతాను.

మొన్న ఓపీలో కొత్తగా లూపస్ తేలిన ఇంటర్ చదివే అమ్మాయి, వాళ్లమ్మ నా పక్కన కూర్చున్నారు. చేతిలో మొదటి చీటీ. ‘మీరు వాడారు కదా ఆంటీ, ఈ మాత్రలు మంచివేనా?’ అంది ఆ పిల్ల. ఒకప్పుడైతే మనసు ఎలా ఉంటే అలా చెప్పేదాన్ని. ఈసారి నా కిడ్నీలు నిలిచింది ఈ మందు వల్లేనని, నా కంట్లో శుక్లం కూడా దీనివల్లేనని రెండూ ఒకే ఊపిరిలో చెప్పాను. మొహం ఉబ్బితే బెంగపడొద్దని, అది తగ్గుతుందని చెప్పాను. బాగున్నా సరే కంటి పరీక్ష, ఎముకల పరీక్ష, మధ్యాహ్నం షుగరు పరీక్ష మానొద్దన్నాను. ఎవరేం చెప్పినా సొంతంగా ఆపొద్దని వాళ్లమ్మ చేయి పట్టుకుని చెప్పాను. హుషారొచ్చినా కోపమొచ్చినా రెండూ ఇంట్లో చెప్పమన్నాను, ఒకటి దాచి ఒకటి చెప్పొద్దన్నాను. వాళ్లమ్మ కాస్త కంగారుపడింది. ఆ పిల్ల మాత్రం నోటుబుక్ తీసి రాసుకుంది. నా పద్దు నేను సరిగ్గా రాసుకోవడం మొదలుపెట్టాకే ఇంకొకరికి చెప్పే అర్హత వచ్చిందని నాకు అనిపించింది.